ఎడ్లబండి జాడలో థార్

జనవరి 15, బుధవారం. గోదావరిఖని

కొత్త థార్ కొన్న అల్లుడికి గండికోట పోవాలని ఉంది. ఎర్రమల కొండల నడుమ పెన్నా కోసిన ఆ లోయ ఫొటోలు ఫోన్ నిండా పెట్టుకున్నాడు. మనవడికి అదీ చాలదు. వాడు చూసేది అమెరికాలో యూటా రాష్ట్రపు మోయాబ్ అనే ఎడారి ఊరి వీడియోలు. ఎర్రటి బండల మీద జీపులు బల్లుల్లా పాకుతుంటాయి, ఎక్కడో కింద కొలరాడో నది. 1967 నుంచి అక్కడ ఏటా ఈస్టర్ పండుగకు జీపుల జాతర జరుగుతుందట. "తాతా, మన దిక్కు ఇసొంటిది లేదా?" అని అడిగాడు.

"ఎందుకు లేదు? నేను అండ్లనే నౌకరి చేసిన" అన్నాను. వాడు నమ్మలేదు.

ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని అంచున నిలబడి కిందికి చూసినవాడికి లోయ అంటే ఏమిటో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. పైన ఎర్రమన్ను, దాని కింద పసుపు తిరిగిన ఇసుకరాయి, ఆ కింద నల్లటి పొర. మెట్లు మెట్లుగా బెంచీలు, వాటి మీద హాల్ రోడ్డు, పాతాళం నుంచి పైకి లోడుతో డంపర్. నది కోటానుకోట్ల రోజుల్లో చేసే పనిని మేం మూడు షిఫ్టుల్లో చేశాం, అంతే. నది తవ్విన మన్నును సముద్రానికి మోస్తుంది. మేం పక్కనే గుట్టలు పోశాం. ఆ మట్టిగుట్టలు చూసి, చుట్టాల పిల్లలు అవి అసలు కొండలే అనుకుంటారు.

ఉన్నవి నాలుగు రోజుల సెలవులు. గండికోట దూరం. కడెం నది లోయ పట్టుకొని ఆదిలాబాద్ అడవుల్లోకి పోయి, ఆసిఫాబాద్ మీదుగా తిరిగొద్దామన్నాను. 2016లో పాత ఆదిలాబాద్‌ను నాలుగు జిల్లాలు చేశారు. నా నోటికి మాత్రం అవన్నీ ఇంకా ఆదిలాబాదే, మా ఖని ఇంకా కరీంనగరే. కట్టుడు తాడు, పార, టైర్లకు గాలి కొట్టే చిన్న పంపు, నీళ్ల క్యాను సర్దాం. మా ఆవిడ సకినాలు, అరిసెలు ఇంకో సంచి నింపింది. ఎన్ని ఊళ్లలో ఎంతమంది చుట్టాలున్నారని అనుకుందో మరి.

జనవరి 16, గురువారం. జన్నారం

బ్రిడ్జి దాటకముందే అల్లుడు బండి ఆపాడు. గోదావరి కనుచూపుమేర ఇసుక. పార్వతి బ్యారేజీ నిండినప్పుడు ఇదే చోట నీళ్లు కట్టలు ఒరుసుకుంటూ నిలబడేవి, జనం సెల్ఫీలకు వచ్చేవాళ్లు. 2023 అక్టోబరులో దిగువన మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాక పై బ్యారేజీలూ ఖాళీ చేశారు. నది మళ్లీ నేను చిన్నప్పుడు చూసిన నదయింది, నడుమ ఒక పాయ, మిగతాదంతా మెరిసే ఇసుక. ఎడారి కావాలన్న వాడికి ఎడారి గుమ్మంలోనే దొరికింది.

ఇసుకలోకి దిగే ముందు టైర్ల గాలి తీయించాను. ముప్పై దాటి ఉన్నదాన్ని పద్దెనిమిదికి దింపాం. గాలి తగ్గితే టైరు పరుచుకుంటుంది, బరువు ఎక్కువ మేర పడుతుంది, ఇసుక మోస్తుంది. నిండు గాలితో దిగితే టైరు కత్తిలా కోసుకుంటూ పోతుంది, ఆక్సిలరేటర్ తొక్కినకొద్దీ తన గుంత తానే తవ్వుకుంటుంది. అల్లుడికి ఆగగానే తొక్కాలనిపిస్తుంది. డంపర్ మీద కొత్తగా వచ్చిన పిల్లలూ అంతే, ఇంజన్ బలం మీద ఉన్న నమ్మకం నేల మీద ఉండదు. "ఆగినవా, ఎనుకకు రా. వచ్చిన జాడలనే రా" అని చెప్తూ పోయాను. ఇసుక ట్రాక్టర్లు పోయే బాట దాటనివ్వలేదు. ఎండాకాలం మొదలైతే తీతువు పిట్ట ఈ బట్టబయలు ఇసుకలోనే గుడ్లు పెడుతుంది, గూడు కూడా కట్టుకోదు. ఇప్పుడు ఆ కాలం కాదు కానీ, అలవాటనేది కాలం చూసి రాదు.

కలమడుగు దగ్గర గోదావరి ఒడ్డున హస్తినమడుగు చూశాం. మెస్రం వంశం గోండులు నాగోబా అభిషేకానికి ఇక్కడి నుంచే నీళ్లు తీసుకుపోతారు. కేస్లాపూర్ నుంచి కాళ్లకు చెప్పులు లేకుండా నడిచొచ్చి, ఇత్తడి ఝరిలో గంగనీళ్లు పట్టుకొని మళ్లీ నడిచే పోతారు. పుష్య అమావాస్య ఈ నెలాఖరున. మేం రేపు ఏసీ వేసుకొని పోబోయే కొండలన్నీ వాళ్లు పాదాలతో ఎక్కి దిగేవే. మనవడు "బండ్లు ఉన్నయి కదా, ఎందుకు నడుసుడు?" అన్నాడు. జవాబు చెప్పకుండా వాడినే ఆలోచించుకోమన్నాను. తప్పించుకోవడానికి తాతలకున్న మంచి ఉపాయం ఇది.

జన్నారంలో అల్లుడికి నిరాశ. కవ్వాల్ 2012 నుంచి పులుల అభయారణ్యం, కోర్ ఏరియానే 893 చదరపు కిలోమీటర్లు. లోపల మన బండి నడవదు. అటవీశాఖ వాళ్ల సఫారీ వాహనం ఎక్కాలి, వాళ్లు చెప్పిన దారిలో పోవాలి. "ఇంత పైసలు పెట్టి ఫోర్ బై ఫోర్ కొన్నది వాళ్ల బండ్ల కూసోవడానికా మామా?" అన్నాడు. కూర్చున్నాడు. చుక్కల దుప్పుల గుంపు, ఒక కొండగొర్రె, నీళ్ల దగ్గర నెమళ్లు కనబడ్డాయి. పులి కనబడలేదు. గైడు మాత్రం ప్రతి మలుపులోనూ ఇప్పుడే పోయిందన్నట్టు గొంతు తగ్గించాడు. మంచి పనివాడు.

జనవరి 17, శుక్రవారం. ఉట్నూరు, రాత్రి

ఇవాళ్టిది నిజంగా రాసుకోవలసిన రోజు.

పొద్దున్నే కడెం ప్రాజెక్టు కట్ట మీద నిలబడ్డాం. పద్దెనిమిది గేట్లు. 2022 జూలైలో గేట్లు వదలగలిగిన దానికన్నా ఎక్కువ వరద వచ్చింది, ఐదు లక్షల క్యూసెక్కులు దాటింది. కింది ఊళ్లు ఖాళీ చేయించారు, నీళ్లు గేట్ల మీది నుంచే దూకాయి. ఆ రాత్రి మా ఖనిలో కూడా ఎవరూ నిద్రపోలేదు. ఇవాళ అదే నీళ్లు కదలకుండా ఉన్నాయి, గాలికి అంచు మాత్రం ముడతలు పడుతోంది. ఈ లెక్క మనసులో పెట్టుకొనే ఎగువకు పోయాం.

ఉట్నూరు మీదుగా ఇచ్చోడ చేరి, అక్కడి నుంచి బజార్‌హత్నూర్ మండలం గిర్నూరు. కనకాయి జలపాతం దారి. ఊరు దాటాక తారు లేదు. పత్తి చేల నడుమ బాట, తర్వాత టేకు చెట్లు, తర్వాత గుండ్రాళ్లు. ఇక్కడే అల్లుడు కొన్న బండికి పని దొరికింది. రాయి రెండు చక్రాల నడుమకు వచ్చేలా పోనిస్తున్నాడు. అట్లా పోతే ఇరుసు కింద డిఫరెన్షియల్‌కు తగులుతుంది. రాయి మీదికే చక్రం ఎక్కించాలి, అప్పుడు బండి పొట్ట కూడా పైకి లేస్తుంది. కళ్లు భయపడతాయి కానీ అదే క్షేమం. రెండుసార్లు దిగి చేత్తో చూపించాక చెయ్యి కుదిరింది. లో రేంజ్, మొదటి గేరు, బ్రేకు మీద కాలు పెట్టకుండా ఇంజన్ పట్టు మీదనే దిగడం. మా హాల్ రోడ్డు వాలు పదహారుకు ఒకటి దాటొద్దనేవాళ్లు. ఇక్కడి వాలు కొలవడానికి ఓవర్‌మన్ ఎవరూ లేడు.

వాగు దగ్గర ఆగాం. కడెందే ఒక పాయ. నీళ్లు సన్నగా, అద్దంలా ఉన్నాయి. అద్దంలా ఉన్న నీళ్లను నమ్మొద్దు, అడుగు దగ్గరగా కనబడుతుంది. ప్యాంటు మడిచి ముందు నేను నడిచాను. నడుమ ఒక చోట మోకాలు దాటింది. అంతలో అవతలి నుంచి పత్తి సంచులతో ఎడ్లబండి వచ్చింది. తోలే గోండు పిల్లవాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. "రామ్ రామ్ కాకా" అన్నాడు. మా బండి వంక చూశాడు, టైర్ల వంక చూశాడు.

"గటు పోకున్రి. ట్రాక్టర్లు తోడి తోడి గుంతైంది. మా ఎడ్లు పోయిన జాడల రాన్రి, కింద బండ ఉన్నది."

ఎడ్లు ఆగలేదు, ఆలోచించలేదు. ఒక్కచోట మాత్రం కొద్దిగా ఎడమకు మళ్లి ఎక్కాయి. వాటి వెనక తడి గీతల మీద నేను నడిచాను, నా వెనక థార్ వచ్చింది. నీళ్లలో గేరు మార్చొద్దని, క్లచ్ తొక్కొద్దని, వేగం పెంచకుండా తగ్గించకుండా రమ్మని చెప్పాను. బంపర్ ముందు చిన్న అల లేచింది. ఆ అల అట్లాగే ముందుకు పోతుంటే ఇంజన్ దగ్గర నీళ్లు తగ్గి ఉంటాయి. ఒడ్డెక్కాక బ్రేకులు రెండుసార్లు మెల్లగా తొక్కించి ఆరబెట్టాం. అల్లుడు కేక పెట్టాడు. మనవడు వీడియో తీశాడు. వాన పడితే ఏం చేస్తారని ఆ పిల్లవాణ్ణి అడిగాను. "ఏం జేస్తం? వాగు దిగేదాంక కూసుంటం. 108 వస్తే గా ఒడ్డునే ఆగుతది, మంచమేసుకొని మేమే పోతం" అన్నాడు. ఫిర్యాదు లేదు, బస్సు వేళలు చెప్పినంత మామూలుగా చెప్పాడు. సకినాల సంచి అక్కడే తేలికైంది.

ఒడ్డు మీద గడ్డి మైదానం. దాని మీదుగా గుట్ట ఎక్కిస్తే ఫొటో బాగుంటుందని అల్లుడు స్టీరింగ్ తిప్పబోయాడు. ఆపింది నేను కాదు, మనవడు. "మోయాబ్‌ల గూడ గట్ల పోనియ్యరు డాడీ. గుర్తు వెట్టిన బాట మీదనే పోవాలె. అక్కడి మట్టికి పైన జీవమున్న పెచ్చు ఉంటదట, టైరు ఎక్కితే మళ్ల రానీకి ఏండ్లు పడతయట." వీడు చూసే వీడియోల్లో ఇది కూడా ఉందన్నమాట. బాట లేని చోట బండి నడిపే విద్య వేరు, బండి నడిపి కొత్త బాట తియ్యడం వేరు. రెండోది నేను జీతం తీసుకొని చేశాను. బుల్‌డోజర్ ఒక్క గీత గీస్తే పొద్దుగూకే లోపల అది రోడ్డు, ఏడాదికి అక్కడ ఊరు ఉండదు. అది దేశానికి కరెంటు కోసం. ఫొటో కోసం నేను ఒప్పుకోను.

బండి అక్కడే వదిలి నడిచాం. కనకాయిలో ఒకదాని తర్వాత ఒకటి మూడు దూకుళ్లు. జనవరి కాబట్టి నీళ్లకు తొందర లేదు. నాకు మాత్రం నీళ్లకన్నా గోడలే నచ్చాయి. నున్నగా తిరిగిన గుంతలు, బండలో బావుల్లాంటివి. వరదలో చిక్కిన గుండ్రాయి సుడి తిరిగి తిరిగి తొలిచిన పని అది. తలెత్తి చూస్తే, నా ఎత్తుకు రెండింతల పైన కొమ్మల్లో ఎండిన చెత్త చిక్కుకొని ఉంది. వానాకాలపు నీటి మట్టం అది. ఇవాళ్టి ఈ సన్నటి ధార ఈ లోయను తవ్వజాలదు, తవ్వలేదు కూడా. తవ్వింది జూలై ఆగస్టుల్లో ఎన్నడో వచ్చే ఆ రెండు మూడు రోజులు. ఎడారి నదులు కూడా అంతేనట, ఏడాదంతా పడుకొని ఒక్క పూటలో పని ముగిస్తాయి. మా గనిలోనూ బ్లాస్టింగ్ పట్టేది నిమిషాలు, మిగతా షిఫ్టంతా ఎత్తిపోసుడే.

సాయంత్రం నేరడిగొండ దగ్గర కుంటాల. అదే కడెం నది, సుమారు 147 అడుగుల నుంచి దూకుతుంది. వందల మెట్లు దిగాలి, మోకాళ్లు ప్రతి మెట్టూ లెక్కపెట్టాయి. శివరాత్రికి ఇక్కడి గుహలోని సోమేశ్వరుడి కోసం జనం విరగబడతారు. మిగతా రోజుల్లో విరగబడేది సెల్ఫీల కోసం. హెచ్చరిక బోర్డు పక్కనే నిలబడి ఇద్దరు పిల్లలు చొక్కాలు విప్పుతున్నారు. ఆ మడుగులో ఎంతమంది పోయారో ఈ ఊళ్లలో ఎవరిని అడిగినా చెప్తారు. పైకి నీళ్లు కదలనట్టుంటాయి, లోపల బండ అరలు అరలుగా ఉంటుంది. అరిచాను. "అంకుల్, మాకు ఈత వచ్చు" అన్నారు. ఈత వచ్చినవాళ్లే పోయేది.

గుండ్రాళ్లు, వాగు, గుట్ట ఏమీ చెయ్యని కొత్త టైరును కుంటాల పార్కింగ్‌లో పగిలిన బీరు సీసా కోసింది. స్టెప్నీ వేసుకొని ఉట్నూరు చేరేసరికి చీకటి పడింది. చలి ఎముకల్లోకి దిగుతోంది. ఇప్పపువ్వు లడ్డూలు దొరికాయి, బెల్లంతో, పల్లీలతో. అరిసెల సంచిని ఎవరూ ముట్టలేదు.

జనవరి 18, శనివారం. ఆసిఫాబాద్

టైరుకు ప్యాచ్ వేయించడంలో సగం పొద్దు పోయింది.

జైనూరు దగ్గర మార్లవాయి. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధులు ఇక్కడ ఉన్నాయి. ఆస్ట్రియా వాడు, చేతిలో జర్మన్ పాస్‌పోర్టు. రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే శత్రుదేశస్థుడని పట్టుకొని హైదరాబాద్ సంస్థానం దాటొద్దన్నారు. ఆ బంధనంలోనే గోండుల మధ్యకు వచ్చాడు. 1943లో ఈ ఊళ్లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టించాడు. చదువుకున్నవాడు లోయల్ని చూడ్డానికి వచ్చి మనుషుల్ని చూసిన సందర్భాలు తక్కువ, ఇది ఒకటి.

కెరమెరి ఘాట్‌లో అల్లుడు బాగా నడిపాడు. లోడు డంపర్ దిగేటప్పుడు రిటార్డర్ మీద నమ్మకం పెట్టినట్టు, గేరు మీద నమ్మకం పెట్టమన్నాను. మలుపుల్లో హారన్ కొట్టి ఎదుటివాడికి చోటిచ్చాడు. ఆర్టీసీ బస్సు డ్రైవర్లకు ఈ ఘాట్ అరచేతి గీత, మమ్మల్ని చూసి నవ్వుకుంటూ పోయారు.

జోడేఘాట్‌కు ఇప్పుడు తారు రోడ్డు. స్మారకం, మ్యూజియం, కొమురం భీం విగ్రహం. మనవడు తుపాకి దగ్గర నిలబడిపోయాడు. నేను బయటికొచ్చి నేల చూశాను. 1940లో రోడ్డు లేదు, జీపు రాదు, గుర్రం కూడా తడబడే ఎక్కుడు. పన్నెండు గూడేల హక్కు అడిగిన మనిషి ఈ చోటు ఊరికే ఎంచుకోలేదు. పైనుంచి చూస్తే వచ్చేవాడు ముందే కనబడతాడు, వచ్చేవాడికి పైన ఎవరున్నారో తెలియదు. నేల చదివినవాడి ఎంపిక ఇది. ఇప్పుడు అదే నేల పైకి మేం మూడో గేరులో ఎక్కొచ్చాం.

అల్లుడు కాగజ్‌నగర్ అడవి అన్నాడు, నేను వద్దన్నాను. తాడోబా అడవుల నుంచి పులులు ప్రాణహిత దాటి ఆ దిక్కే దిగుతాయి. నవంబరు చివర అక్కడ చేను దగ్గర ఒక యువతిని పులి చంపింది. ఆ ఊళ్ల వాళ్లు ఇప్పుడు గుంపులుగా పత్తి ఏరుతున్నారు. మనం వినోదానికి ఇంజన్ శబ్దం చేసుకుంటూ పోవడానికి అది సమయం కాదు.

జనవరి 19, ఆదివారం. ఇల్లు

తిరుగు దారిలో నేను ముందే పెట్టుకున్న మజిలీ ఒకటి ఉంది, ఎవరికీ చెప్పలేదు. రెబ్బెన దాటి తాండూరు మండలంలో అచ్చలాపూర్ వైపు. చూడ్డానికి అక్కడేమీ లేదు. చేల అంచున ఎర్రటి బంకమట్టి, వాన కోసిన గండ్లు, మట్టిలో సున్నపు ఉండలు. గండి లోతు మనిషెత్తు కూడా లేదు. అల్లుడు ఏముందిక్కడ అన్నట్టు చూశాడు.

"మీకు కావాల్సిన ఎడారి నది ఇదే" అన్నాను. భూగర్భశాస్త్రం వాళ్లు దీన్ని మలేరి పొర అంటారు. సుమారు 22 కోట్ల ఏళ్ల కిందటి నది మేట. ఏడాదిలో చాలా నెలలు ఎండి, వానకు పొంగే నేల ఇది. ఎండినప్పుడల్లా గాలి తగిలి మట్టిలోని ఇనుము ఇట్లా తుప్పెక్కి ఎర్రబడింది. ఈ మట్టిలో మలేరిసారస్ అనే బల్లిలాంటి సరీసృపం ఎముకలు దొరికాయి. చిలుక ముక్కులాంటి మూతితో వేర్లు, ఆకులు కొరుక్కు తినే హైపెరోడపెడాన్ ఎముకలూ దొరికాయి. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏళ్లపాటు ఇక్కడ తవ్వి చూశారు. మేం తవ్విన బొగ్గు ఇంకా పాతది, దీని కింది అంతస్తు. అప్పుడు ఇక్కడ చిత్తడి అడవులు. అడవి బొగ్గయింది, ఆ పైన ఎండిన నది ఎర్రమట్టయింది, ఇంకా పైకి వచ్చేసరికి డైనోసార్లు. వేమనపల్లి దగ్గర యామన్‌పల్లిలో దొరికిన కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో నిలబెట్టి ఉంది. మనవడు దాని కాళ్ల కింద ఫొటో దిగాడు కూడా, తన అమ్మమ్మగారి ఊరి పక్క జిల్లాదని తెలియకుండా.

"మరి నాకెందుకు చెప్పలే?" అన్నాడు నా మీద కోపంగా. అరగంట సేపు గండి అంతా వెతికి, చివరికి ఒక దవడ ఎముకతో పరుగెత్తుకొచ్చాడు. పళ్లు చూశాను. ఎవరిదో ఆవు, మహా అయితే నిరుడు పోయుంటుంది. వాడు దాన్ని పారెయ్యడానికి ఒప్పుకోలేదు. బెల్లంపల్లి దాకా బండిలో వాసన.

అల్లుడు మాత్రం మొదటిసారి బండిని బాట మీదే వదిలి, చెప్పకుండానే నడిచొచ్చాడు. గండి అంచున గొంతుక్కూర్చొని మట్టి చేత్తో నలిపి చూశాడు. "తడిసినప్పుడు ఇది జారుతది మామా, ఫోర్ బై ఫోర్ గూడ పట్టదు" అన్నాడు. నేల గురించి వాడు అన్న మొదటి మంచి మాట.

బెల్లంపల్లిలో చాయ్ తాగాక, ఇక్కడి నుంచి ఇంటిదాకా నేను నడుపుతానని తాళం అడిగాను. ఎనభై ఐదు టన్నుల డంపర్ నడిపినవాణ్ణి. అల్లుడు మర్యాదగానే నవ్వి, "లైసెన్స్ రెన్యువల్ ఉన్నదా మామా?" అన్నాడు. రిటైరయ్యాక ఆ కాగితం ఏ డబ్బాలో ఉందో మా ఆవిడకే తెలియాలి. పక్క సీట్లో కూర్చొని వచ్చాను. బ్రేకు తొక్కాల్సిన చోటల్లా నా కుడికాలు తొక్కుతూనే ఉంది.

రేపు సోమవారం. ఆర్టీఏ ఆఫీసుకు పోవాలి. అంతకన్నా ముందు కళ్ల డాక్టరు దగ్గరికి.